టైప్-1 ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్ లేని చిట్టెలుకలు లిస్టీరియాను ఎందుకు బాగా తట్టుకుంటాయి?

ప్రశ్న: రోగనిరోధక_విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. సైటోకైన్లకూ (రోగనిరోధక కణాలు ఒకదానికొకటి సంకేతాలు పంపుకునే ప్రొటీన్లు) బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్లకూ ఉన్న సంబంధం మీద మా విభాగంలో సెమినార్ ఇవ్వవలసి ఉంది. చిట్టెలుకల మీద జరిగిన ప్రయోగాలనే ఆధారంగా తీసుకుని మాట్లాడదామనుకున్నాను గానీ, చదివేకొద్దీ ఒకచోట చిక్కు పడుతోంది.

1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ ఇంటర్‌ఫెరాన్‌ను గుర్తించినప్పటి నుంచి దానికి వైరస్‌లను అడ్డుకునే పదార్థంగా పేరుంది. బ్యాక్టీరియా విషయంలో గామా ఇంటర్‌ఫెరాన్ ఎంత అవసరమో చెప్పే సాక్ష్యాలు కూడా గట్టిగానే ఉన్నాయి. 1985లో బుక్‌మయర్, ష్రైబర్ చిట్టెలుకలకు గామా ఇంటర్‌ఫెరాన్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చి చూస్తే, మామూలుగా కోలుకోవలసిన మోతాదు లిస్టీరియా బ్యాక్టీరియాకే అవి చనిపోయాయి. 1993లో ఆ జన్యువు తీసేసిన చిట్టెలుకలు అందుబాటులోకి వచ్చాక, అవి క్షయ బ్యాక్టీరియాను అదుపు చేయలేక త్వరగా చనిపోతాయని రెండు బృందాలు ఒకేసారి ప్రచురించాయి. ఇంతవరకు ఇబ్బంది లేదు.

2004లో వచ్చిన మూడు పరిశోధన పత్రాల దగ్గరే నాకు అడ్డం పడింది. మూడూ ఒకే పత్రికలో, ఒకే సంచికలో వచ్చాయి. ఆల్ఫా, బీటా ఇంటర్‌ఫెరాన్లను, అంటే టైప్-1 ఇంటర్‌ఫెరాన్లను, గుర్తించే రిసెప్టర్ లేని చిట్టెలుకలు లిస్టీరియా మోనోసైటోజీన్స్‌కు మరింత లొంగిపోతాయని నేను అనుకుంటే, అవి మామూలు చిట్టెలుకల కంటే బాగా తట్టుకున్నాయని మూడు బృందాలూ చెప్పాయి. ఒక రక్షణ సంకేతాన్ని తీసేస్తే రక్షణ పెరగడం ఎలా సాధ్యం? టైప్-1 ఇంటర్‌ఫెరాన్ బ్యాక్టీరియాకు సాయపడుతోందని దీని అర్థమా, లేక ఇది లిస్టీరియాకు మాత్రమే పరిమితమైన సంగతా? సెమినార్‌లో ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడగకుండా ఉండరు కాబట్టి, ఈ విషయం మీద పనిచేసినవారు వివరిస్తే కృతజ్ఞురాలిని.

సమాధానం: ప్లీహం_ల్యాబ్

టైప్-1, గామా ఇంటర్‌ఫెరాన్లు రెండూ ఒకే దిశలో పనిచేస్తాయని అనుకున్నప్పుడే ఇది వైరుధ్యంగా కనిపిస్తుందండి. లిస్టీరియా రక్తంలోకి నేరుగా చేరినప్పుడు మొదటిది రెండోదాని పనికి అడ్డు తగులుతుంది. ఏది ఎప్పుడు జరుగుతుందో వరుసగా చూస్తే మీ చిక్కు చాలావరకు విడిపోతుంది.

తోక సిరలోకి ఎక్కించిన లిస్టీరియా కొద్ది నిమిషాల్లోనే రక్తం నుంచి కాలేయానికీ ప్లీహానికీ చేరుతుంది. ఎక్కువ భాగాన్ని కాలేయం పట్టేస్తుంది. ప్లీహానికి చేరినది అక్కడ బ్యాక్టీరియాను మింగే మాక్రోఫేజ్‌లలోకీ డెండ్రిటిక్ కణాలలోకీ వెళ్తుంది. చాలా బ్యాక్టీరియాలు తమను మింగిన కణంలోని ఫాగోసోమ్ సంచిలోనే చస్తాయి. లిస్టీరియా మాత్రం లిస్టీరియోలైసిన్-ఓ అనే ప్రొటీన్‌తో ఆ సంచి పొరకు రంధ్రాలు చేసి సైటోప్లాజంలోకి జారుకుంటుంది. అక్కడ పెరుగుతూ, సైక్లిక్ డై-ఏఎంపీ అనే చిన్న అణువును తన పంపుల ద్వారా బయటికి వదులుతుంది. ఈ సంగతి 2010లో తేలింది. ఆ అణువు కణంలోని స్టింగ్ ప్రొటీన్‌కు అంటుకోగానే ఐఆర్ఎఫ్-3 చురుకై బీటా ఇంటర్‌ఫెరాన్ జన్యువును నడిపిస్తుంది. లిస్టీరియోలైసిన్ లేని మ్యూటెంట్ సంచి దాటలేదు కాబట్టి దానికి మాక్రోఫేజ్‌లు బీటా ఇంటర్‌ఫెరాన్‌ను దాదాపు తయారు చేయవు. అంటే ఇక్కడ టైప్-1 ఇంటర్‌ఫెరాన్ పుట్టడానికి కారణం బ్యాక్టీరియా ఉండకూడని చోటికి చేరడమే.

అలా పుట్టిన ఇంటర్‌ఫెరాన్ వల్ల జరిగే నష్టం ఒక్క దారిలో రాదు. మొదటిది లింఫోసైట్ల చావు. ఇన్ఫెక్షన్ అయిన రెండు రోజులకు ప్లీహాన్ని సన్నగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, తెల్ల గుజ్జు భాగంలో లింఫోసైట్లు ముక్కలుముక్కలుగా విరిగిపోయి కనిపిస్తాయి. లిస్టీరియోలైసిన్ ప్రభావానికి గురైన లింఫోసైట్లను టైప్-1 ఇంటర్‌ఫెరాన్ అపోప్టోసిస్ వైపు, అంటే కణం తనను తాను చంపుకోవడం వైపు, నెడుతుందని ఆ 2004 పత్రాలలో ఒకటి చూపించింది. రిసెప్టర్ లేని చిట్టెలుకల్లో ఈ చావు బాగా తక్కువ. లింఫోసైట్లు చచ్చిపోతే వాటి సాయం అందక నష్టం జరుగుతోందని మీరు అనుకోవచ్చు గానీ, తొలి రోజుల్లో జరిగేది అది కాదు. చచ్చిన కణాలను మింగిన ఫాగోసైట్లు ఇంటర్‌ల్యూకిన్-10ను ఎక్కువగా వదులుతాయి, అది మంటను చల్లార్చే సైటోకైన్. సరిగ్గా మంట కావలసిన సమయంలో అది దాన్ని చల్లారుస్తుంది. అసలు లింఫోసైట్లే లేని చిట్టెలుకలు ఇన్ఫెక్షన్ తొలి దశలో మామూలువాటి కంటే మెరుగ్గా ఉంటాయని 2006లో అదే బృందం చూపించిన సంగతిని దీనితో కలిపి చదవండి. ఇంటర్‌ల్యూకిన్-10 జన్యువు తీసేసిన చిట్టెలుకలు లిస్టీరియాను త్వరగా వదిలించుకుంటాయన్న పాత ఫలితమూ దీనితో పొసుగుతుంది.

రెండోది టీఎన్ఎఫ్ అనే, మంటను రేపే సైటోకైన్‌కు సంబంధించినది. రిసెప్టర్ లేని చిట్టెలుకల ప్లీహంలో టీఎన్ఎఫ్ తయారుచేసే కణాలు మామూలు చిట్టెలుకల్లో కంటే ఎక్కువగా ఉన్నాయని మరో బృందం లెక్క చూపించింది. టీఎన్ఎఫ్ లేనిదే లిస్టీరియా అదుపులోకి రాదని 1993 నాటికే తెలుసు.

మూడోది మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. టైప్-1 ఇంటర్‌ఫెరాన్ తగిలిన మాక్రోఫేజ్‌లు తమ పైపొర మీద గామా ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్‌ను తగ్గించుకుంటాయి. ఇది 2010లో ప్రచురితమైంది. ఇన్ఫెక్షన్ తొలి గంటల్లో ఇంటర్‌ల్యూకిన్-12, ఇంటర్‌ల్యూకిన్-18 సంకేతాలు అందుకున్న ఎన్‌కే కణాలు (ఒక రకం లింఫోసైట్లు) గామా ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందిన మాక్రోఫేజ్ నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమ్‌ను పెంచుకుని, తన సంచుల్లో ఉన్న బ్యాక్టీరియాను చంపగల స్థితికి వస్తుంది. రిసెప్టర్ తగ్గిపోయిన మాక్రోఫేజ్ చుట్టూ గామా ఇంటర్‌ఫెరాన్ ఎంత ఉన్నా దానికి ఆ సంగతి సరిగా తెలియదు. కాబట్టి సెమినార్‌లో మీరు గామా ఇంటర్‌ఫెరాన్ ప్రయోగాన్నీ టైప్-1 ప్రయోగాన్నీ రెండు వేరువేరు కథలుగా కాకుండా, ఒకదాని మీద ఒకటి పనిచేసే సంకేతాలుగా చూపించండి. లిస్టీరియా అలా సంకేతాన్ని రేపి తనకు అనువుగా మలచుకుంటుందని చెప్పడానికి కూడా ఇది మంచి ఉదాహరణ.

సమాధానం: జంతుశాల_కాపలా

పైన చెప్పిన క్రమంతో నాకు పేచీ లేదు. కానీ "చిట్టెలుక తట్టుకుంది" అన్న వాక్యం వెనక ఏ దారిలో ఇచ్చారు, ఎంత ఇచ్చారు, ఏ స్ట్రెయిన్‌కు (చిట్టెలుకల ఏ వంశానికి) ఇచ్చారు అన్న మూడు ప్రశ్నలుంటాయి. విద్యార్థుల సెమినార్లలో ఈ మూడూ దాటేసి నేరుగా సైటోకైన్ పేరుకు వెళ్లిపోతారు. ఆ పొరపాటు మీరు చేయవద్దని కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా దారి సంగతి. మనుషులకు లిస్టీరియా ఆహారం ద్వారా వస్తుంది; సిరలోకి ఎవరూ ఎక్కించుకోరు. చిట్టెలుకలకు నోటి ద్వారా ఇస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది గానీ అక్కడొక అడ్డంకి ఉంది. పేగు కణంలోకి చొరబడటానికి లిస్టీరియా వాడే ఇంటర్నలిన్-ఏ ప్రొటీన్ మనిషి ఈ-క్యాడ్‌హెరిన్‌ను గట్టిగా పట్టుకుంటుంది, చిట్టెలుక ఈ-క్యాడ్‌హెరిన్‌ను పట్టుకోలేదు. ఆ ప్రొటీన్‌లో 16వ స్థానంలో మనిషికి ప్రోలిన్, చిట్టెలుకకు గ్లుటామిక్ ఆమ్లం ఉండటమే కారణమని 1999లో తేలింది. తర్వాత ఇంటర్నలిన్‌నే చిట్టెలుకకు సరిపడేలా మార్చిన బ్యాక్టీరియాను తయారుచేసి, దాన్ని ఆహారంతో కలిపి పెట్టే పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో 2016లో చేసిన ప్రయోగాలలో టైప్-1 ఇంటర్‌ఫెరాన్ వల్ల చిట్టెలుకలు ఇన్ఫెక్షన్‌కు ఎక్కువగా లొంగిపోవడం కనిపించలేదు. సిర ద్వారా ఇచ్చినప్పుడు అంత స్పష్టంగా కనిపించిన తేడా ఆహారం ద్వారా ఇచ్చేసరికి లేకుండా పోయింది. కాబట్టి మీ శీర్షికలో "లిస్టీరియా" తర్వాత "రక్తంలోకి నేరుగా ఇచ్చినప్పుడు" అన్న మాట తప్పనిసరిగా చేర్చండి.

స్ట్రెయిన్ సంగతి ఇంకా చిక్కైనది. లిస్టీరియాను సీ57 బ్లాక్-6 చిట్టెలుకలు బాల్బ్-సి చిట్టెలుకల కంటే బాగా తట్టుకుంటాయి; ఏ జన్యువునూ ముట్టుకోకుండానే ఈ తేడా ఉంది. దీనికితోడు, పాత నాకౌట్ (ఒక జన్యువు తీసేసిన) చిట్టెలుకల్లో చాలావాటిని 129 స్ట్రెయిన్ మూలకణాలతో తయారుచేశారు. 1994లో వచ్చిన టైప్-1 రిసెప్టర్ నాకౌట్ కూడా ఆ కోవలోదే. 129 చిట్టెలుకకూ బ్లాక్-6 చిట్టెలుకకూ మధ్య ఒక్క తొలగించిన జన్యువే తేడా కాదు. ఉదాహరణకు 1993లో గుర్తించిన ఎన్‌ర్యాంప్-1 జన్యువు బ్లాక్-6, బాల్బ్-సి చిట్టెలుకల్లో ఒక్క అమైనో ఆమ్లం మారిపోయి పనిచేయదు, 129లో పనిచేస్తుంది. సాల్మొనెల్లా టైఫిమ్యూరియం ఇచ్చినప్పుడు చావుబతుకులను నిర్ణయించేంత పెద్ద తేడా ఇది. అందువల్ల నాకౌట్‌ను బ్లాక్-6తో తరతరాలుగా సంకరం చేశారా, పోలికకు పెట్టిన చిట్టెలుకలు ఎక్కడివి అన్నది పద్ధతుల విభాగంలో వెతికి చూడండి.

సంకరం చేసినా వదలని సందర్భాలు ఉన్నాయి. క్యాస్పేస్-1 నాకౌట్ చిట్టెలుకలు ఎల్‌పీఎస్ అనే, కొన్ని బ్యాక్టీరియాల బయటి పొరలో ఉండే విషాన్ని తట్టుకుంటాయి కాబట్టి ఆ చావుకు క్యాస్పేస్-1 కారణమని ఏళ్ల తరబడి అందరూ రాశారు. 129 స్ట్రెయిన్‌లో క్యాస్పేస్-11 జన్యువు ముందే పాడైపోయి ఉందని, రెండు జన్యువులూ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉండటం వల్ల సంకరంలో విడిపోలేదని, అసలు కారణం క్యాస్పేస్-11 అని 2011లో బయటపడింది. ఈ రంగంలో నేను చూసినవాటిలో ఇంతకంటే గట్టి హెచ్చరిక లేదు.

చివరిగా పేగులోని సూక్ష్మజీవుల సంగతి. నాకౌట్‌లు ఒక సరఫరాదారు నుంచి, మామూలు చిట్టెలుకలు మరో సరఫరాదారు నుంచి తెప్పించి పక్కపక్క పంజరాల్లో పెడితే, మీరు కొలిచేది జన్యువు ప్రభావమో పేగు బ్యాక్టీరియా ప్రభావమో ఎవరూ చెప్పలేరు. చిట్టెలుకలు ఒకదాని మలం ఒకటి తింటాయి, కాబట్టి పంజరాల్లోని పొట్టును కలిపి పంచడం, లేదా ఒకే పంజరంలో కలిపి పెంచడం కొంత మేలు. ఒకే తల్లి ఈనిన పిల్లల్లోనే నాకౌట్‌లనూ మామూలువాటినీ ఏరుకుని పోల్చడం అన్నిటికంటే మేలు.

ప్రశ్న అడిగినవారి స్పందన: రోగనిరోధక_విద్యార్థిని

ఇద్దరికీ ధన్యవాదాలు. గామా ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్ తగ్గిపోవడం గురించి చదివాక రెండు ప్రయోగాలూ ఒకే చిత్రంలో ఇమిడాయి. 2016 పత్రం నాకు తెలియదు, వెతికి చదువుతాను. మరో రెండు సందేహాలు మిగిలాయి. చిట్టెలుకల్లో చూసిన ఈ సంకేతాల తీరు మనుషుల రోగాల్లో కనిపిస్తుందా? మా ఆచార్యులు తప్పకుండా అడిగే ప్రశ్న ఇదే. రెండోది, లిస్టీరియా కావాలనే సైక్లిక్ డై-ఏఎంపీ వదిలి ఇంటర్‌ఫెరాన్‌ను రేపుతోందని నిస్సంకోచంగా చెప్పవచ్చా?

సమాధానం: ఛాతీ_వైద్యుడు

మొదటి సందేహానికి నేను సమాధానం చెప్పగలను, రెండోది ప్రయోగశాలలో ఉన్నవారికి వదిలేస్తాను.

గామా ఇంటర్‌ఫెరాన్ విషయంలో చిట్టెలుక చెప్పినదాన్ని మనిషి దాదాపు అక్షరాలా ధ్రువీకరించాడు. 1996లో ఒకేసారి వచ్చిన రెండు నివేదికల్లో, గామా ఇంటర్‌ఫెరాన్ రిసెప్టర్ జన్యువు పనిచేయని పిల్లల గురించి రాశారు. ఒకటి మాల్టాకు చెందిన కుటుంబంలోనిది. ఆ పిల్లలకు మామూలుగా ఎవరినీ ఏమీ చేయని మైకోబ్యాక్టీరియాలే ప్రాణాంతకమయ్యాయి. మరొకటి ట్యునీషియాకు చెందిన శిశువుది. బీసీజీ టీకాలోని బ్యాక్టీరియాయే ఒళ్లంతా పాకిపోయింది. తర్వాత ఇంటర్‌ల్యూకిన్-12, దాని రిసెప్టర్ లోపాలున్న రోగులు కూడా బయటపడ్డారు. వాళ్లకు మైకోబ్యాక్టీరియాతోపాటు సాల్మొనెల్లా కూడా పదేపదే వస్తుంది. బీసీజీని పుట్టగానే వేసే మన దేశంలో ఇది పుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. టీకా వేసిన చోట మానని పుండు, చంకలో గడ్డలు, జ్వరం, బరువు తగ్గిపోవడం కలిసి ఉన్న శిశువు వస్తే, ముఖ్యంగా ఆ తల్లిదండ్రులది మేనరికమైతే, ఈ దారిలో లోపం ఉందేమోనని ఆలోచించి పరీక్షలకు పంపవలసి ఉంటుంది.

టీఎన్ఎఫ్ సంగతి మరింత సూటిగా ఉంది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకున్న చిట్టెలుకలు, దాని పీ55 రిసెప్టర్ లేని చిట్టెలుకలు క్షయకు తట్టుకోలేవని 1995లో ప్రచురితమైంది. కీళ్లవాతానికి, పేగు వాపు జబ్బుకు టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడటం మొదలైన కొద్ది కాలానికే, 2001లో, ఆ మందు తీసుకున్నవారిలో 70 క్షయ కేసులు వచ్చినట్టు ఒక నివేదిక వెలువడింది. వాటిలో సగానికి పైగా ఊపిరితిత్తుల బయట వచ్చిన క్షయ, అంటే లోపల అణిగి ఉన్న బ్యాక్టీరియాను కట్టడి చేసే గ్రాన్యులోమా గోడ సడలిందన్నమాట. ఇప్పుడు ఈ కోవ మందు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్-రే, అణిగి ఉన్న క్షయకు చర్మ పరీక్ష గానీ గామా ఇంటర్‌ఫెరాన్ విడుదలను కొలిచే రక్త పరీక్ష గానీ చేయించడం రివాజు. ఆ రక్త పరీక్ష కొలిచేది మీ సెమినార్‌లోని సైటోకైన్‌నే అని విద్యార్థులకు చెబితే గుర్తుండిపోతుంది.

టైప్-1 ఇంటర్‌ఫెరాన్ దగ్గరికి వచ్చేసరికి నేను జాగ్రత్తగా మాట్లాడతాను. లండన్‌లోనూ దక్షిణాఫ్రికాలోనూ క్షయ రోగుల రక్తాన్ని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్లో, టైప్-1 ఇంటర్‌ఫెరాన్ రేపే జన్యువుల జాడ స్పష్టంగా కనిపించింది. జబ్బు ఎంత విస్తరిస్తే ఆ జాడ అంత బలంగా ఉంది, చికిత్సతో తగ్గింది. ఇది చిట్టెలుకల ఫలితాలతో పొసుగుతుంది గానీ, జబ్బును పెంచినది ఇంటర్‌ఫెరానా, పెరిగిన జబ్బు వల్ల ఇంటర్‌ఫెరాన్ పెరిగిందా అన్నది రోగి రక్తం ఒక్కటే చెప్పలేదు. టైప్-1 రిసెప్టర్ జన్యువులు పుట్టుకతోనే పనిచేయని మనుషులు కూడా ఉన్నారు. వాళ్లను ముందుగా దెబ్బ తీసినవి వైరస్‌లు. మామూలు పిల్లలకు ఏమీ చేయని సజీవ తట్టు, గవదబిళ్లల టీకా కూడా వాళ్లలో కొందరికి ప్రాణాంతకమైంది. కాబట్టి ఈ సంకేతం లేకపోతేనే మేలు అన్న ధ్వని మీ ప్రసంగంలో రాకుండా చూసుకోండి.

సమాధానం: మధ్యేమార్గి

రెండో సందేహానికి నా జవాబు: నిస్సంకోచంగా చెప్పకూడదు. ప్లీహం_ల్యాబ్ గారు చెప్పిన క్రమమంతా ప్రయోగాలలో నిలిచినదే, దానితో నాకు విభేదం లేదు. లిస్టీరియా సంకేతాన్ని తనకు అనువుగా మలచుకుంటోంది అన్న వ్యాఖ్యానం మాత్రం సాక్ష్యం కంటే ఒక అడుగు ముందుకు వెళ్లింది. సైక్లిక్ డై-ఏఎంపీ లిస్టీరియాకు తన కణకవచాన్ని, లోపలి పీడనాన్ని సరిగ్గా ఉంచుకోవడానికి కావలసిన అణువు. మామూలు పోషకాల్లో అది లేకుండా ఈ బ్యాక్టీరియా పెరగనే పెరగదు. తనకు అవసరమైన అణువులో కొంత పంపుల ద్వారా బయటికి పోవడం, దాన్ని ఆతిథ్య కణం గుర్తించడం, దానివల్ల బ్యాక్టీరియాకు మేలు జరగడం మూడు వేరువేరు సంగతులు. మూడోది జరిగింది కాబట్టి మొదటిది అందుకోసమే ఉందని తేల్చడానికి వీల్లేదు. పైగా సిర ద్వారా ఇస్తే తప్ప ఆ మేలు స్పష్టంగా కనిపించలేదన్న 2016 ఫలితం ఉండగా, ఆహారం ద్వారా వ్యాపించే బ్యాక్టీరియాలో అది ఆ ప్రయోజనం కోసమే పరిణమించిందనడం ఇంకా కష్టం.

ఇది లిస్టీరియాకే పరిమితమా అని మీరు మొదట అడిగారు, దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. 2007లో ఇదే రిసెప్టర్ నాకౌట్‌లకు గ్రూప్-బి స్ట్రెప్టోకోకస్ ఇచ్చినప్పుడు అవి మామూలు చిట్టెలుకల కంటే ఎక్కువగా చనిపోయాయి. న్యూమోకోకస్, ఇ.కోలై విషయంలోనూ అదే బృందం అదే చూసింది. ఈ మూడూ ఎక్కువగా కణాల బయటే పెరిగే బ్యాక్టీరియాలు. అయితే కణం బయట పెరిగే వాటికి ఇంటర్‌ఫెరాన్ మేలు, లోపల పెరిగే వాటికి కీడు అని సూత్రం రాసుకుని వెళ్లిపోకండి, ఎందుకంటే అదే న్యూమోకోకస్ మరో సందర్భంలో ఎదురు తిరుగుతుంది. చిట్టెలుకకు ముందు ఇన్‌ఫ్లుయెంజా సోకించి, కొద్ది రోజుల తర్వాత న్యూమోకోకస్ ఇస్తే, వైరస్ రేపిన టైప్-1 ఇంటర్‌ఫెరాన్ వల్ల న్యూట్రోఫిల్స్‌ను పిలిచే కీమోకైన్లు తగ్గిపోయి, ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా పెరిగిపోయింది. రిసెప్టర్ లేని చిట్టెలుకలు అక్కడ మెరుగ్గా ఉన్నాయి. ఇది 2009 నాటి ఫలితం. దానికి ఏడాది ముందు, ఫ్లూ తగ్గుముఖం పట్టే దశలో టీ కణాలు వదిలే గామా ఇంటర్‌ఫెరాన్ ఊపిరితిత్తుల మాక్రోఫేజ్‌ల మీద మార్కో అనే రిసెప్టర్‌ను తగ్గించి, న్యూమోకోకస్‌ను మింగే శక్తిని దెబ్బ తీస్తుందని మరో బృందం చూపించింది. క్షయలో, లిస్టీరియాలో ప్రాణదాత అనిపించుకున్న గామా ఇంటర్‌ఫెరానే ఇక్కడ చేటు చేసింది. 1918 ఫ్లూ మరణాల్లో అత్యధిక భాగం తర్వాత వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా వల్లనేనని అప్పటి శవపరీక్షల నమూనాలను మళ్లీ చూసి 2008లో ప్రచురించిన విశ్లేషణతో కలిపి చదివితే, ఈ ప్రయోగాలు ఎందుకు చేశారో అర్థమవుతుంది.

క్షయలో టైప్-1 సంకేతం తీవ్రత స్ట్రెయిన్‌ను బట్టి ఎంత మారుతుందో చూడాలంటే ఎస్‌పీ-140 జన్యువు మీద 2021లో వచ్చిన పని చదవండి. ఆ జన్యువు లేని బ్లాక్-6 చిట్టెలుకలు టైప్-1 ఇంటర్‌ఫెరాన్ ప్రభావానికి అతిగా లోనై, క్షయకు త్వరగా లొంగిపోయాయి. ఆ రిసెప్టర్‌ను కూడా తీసేస్తే చాలావరకు తేరుకున్నాయి. మామూలు బ్లాక్-6 చిట్టెలుకలో ఇదే రిసెప్టర్ తీసేస్తే వచ్చే తేడా స్వల్పం. సంకేతం ఉందా లేదా అన్నదాని కంటే ఎంత ఉంది, ఎంతసేపు ఉంది అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

సమాధానం: ప్లీహం_ల్యాబ్

మధ్యేమార్గి గారి అభ్యంతరం పరిణామం గురించినంతవరకు సబబే. కానీ పంపులను అతిగా పనిచేయించే లిస్టీరియా మ్యూటెంట్‌లు మాక్రోఫేజ్‌లలో మరింత బీటా ఇంటర్‌ఫెరాన్‌ను పుట్టిస్తాయన్నది కొలిచి చూసిన విషయం, కాబట్టి బ్యాక్టీరియా వైపున ఈ సంకేతాన్ని పెంచే తగ్గించే మీట ఉందన్నంతవరకు నేను నిలబడతాను. అది ఆ పని కోసమే ఉందా అన్నది సెమినార్‌లో తెరిచే ఉంచవచ్చు.

విద్యార్థిని గారూ, మీరు స్లైడ్‌లు తయారుచేసేటప్పుడు ఒక విషయం గమనించండి. ఈ పత్రాలలో రెండు రకాల పటాలు ఉంటాయి: ఎన్ని చిట్టెలుకలు ఎన్నాళ్లు బతికాయో చూపేది ఒకటి, అవయవంలో ఎంత బ్యాక్టీరియా ఉందో చూపేది రెండోది. రెండోదాని కోసం, ఇన్ఫెక్షన్ ఇచ్చిన 24, 48, 72 గంటలకు ప్లీహాన్నీ కాలేయాన్నీ తీసి, కొద్దిగా డిటర్జెంట్ కలిపిన నీటిలో నలిపి, కణాల లోపలున్న బ్యాక్టీరియా బయటికి వచ్చాక, పది రెట్లు చొప్పున పలుచన చేస్తూ అగార్ ప్లేట్ల మీద పరుస్తారు; మర్నాడు కాలనీలు లెక్కపెట్టి వెనక్కి గుణిస్తారు. ఆ పటం నిలువు గీత లాగరిథమ్ కొలతలో ఉంటుంది. చూపుకు చిన్నగా కనిపించే ఒక గడి తేడా అంటే పది రెట్ల తేడా అని ముందే చెప్పకపోతే వినేవారు పొరబడతారు.

ఈ రెండు పటాలూ ఎప్పుడూ ఒకేమాట చెప్పవు, ఆ తేడాలోనే చాలా సమాచారం ఉంటుంది. 1985లో బాయిట్లర్ బృందం టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే యాంటీసీరమ్ ముందుగా ఇచ్చి, ఎల్‌పీఎస్ విషం వల్ల చనిపోవలసిన చిట్టెలుకలను కాపాడింది. 1993లో పీ55 రిసెప్టర్ లేని చిట్టెలుకలు వచ్చినప్పుడు, గెలాక్టోసమీన్‌తో కలిపి ఇచ్చిన ఎల్‌పీఎస్‌ను అవి తట్టుకుని బతికాయి; అవే చిట్టెలుకలు లిస్టీరియాకు చనిపోయాయి. ఎల్‌పీఎస్ ప్రయోగంలో బతికి ఉన్న బ్యాక్టీరియా ఒక్కటీ లేదు, చావుకు కారణం చిట్టెలుక సొంత ప్రతిస్పందనే. లిస్టీరియా ప్రయోగంలో ప్లీహం నిండా పెరిగిన బ్యాక్టీరియా ఉంది. ఒకే రిసెప్టర్ మొదటి చోట చంపింది, రెండో చోట కాపాడింది. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందులు సెప్సిస్ రోగులను కాపాడతాయని పెట్టుకున్న ఆశ క్లినికల్ పరీక్షల్లో నెరవేరకపోవడానికి ఇదొక్కటే కారణం కాకపోయినా, ఇది కూడా ఒక కారణమని నా అభిప్రాయం. రోగి ఒంట్లో రెండు ప్రయోగాలూ ఒకేసారి నడుస్తుంటాయి.

టైప్-1 రిసెప్టర్ నాకౌట్‌ల విషయంలో 2004 పత్రాలు చెప్పినది రెండు పటాల్లోనూ ఒకే దిశలో ఉంది: అవి ఎక్కువగా బతికాయి, వాటి అవయవాల్లో బ్యాక్టీరియా కూడా చాలా తక్కువగా ఉంది. అంటే అవి బ్యాక్టీరియాను భరించి బతకలేదు, తగ్గించి బతికాయి. మీ స్లైడ్ మీద బతుకు పటాన్ని ఎడమ వైపున, 72 గంటల ప్లీహం లెక్కను కుడి వైపున పెట్టి, వాటి కింద జంతుశాల_కాపలా గారు అడగమన్న మూడు సంగతులను, అంటే ఇచ్చిన దారి, మోతాదు, స్ట్రెయిన్‌లను, చిన్న అక్షరాలతోనైనా రాయండి.